టామీ స్మిత్ పేరెత్తితే లివర్‌పూల్ పెద్దవాళ్ల గొంతు ఎందుకు మారుతుంది?

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బుకు 1960, 70ల్లో ఆడిన డిఫెండర్ టామీ స్మిత్ గురించి నన్ను అడిగిన ప్రశ్న ఇది: “పాత వీడియోల్లో టామీ స్మిత్ టాకిల్స్ చూశాను. ఇవాళ అయితే ప్రతి మ్యాచ్‌లోనూ రెడ్ కార్డు పడేది. అయినా లివర్‌పూల్ పాత అభిమానులు అతని పేరెత్తగానే ఎందుకంత కదిలిపోతారు? నిజంగా ఆట వచ్చినవాడా, ఉత్త మొరటువాడా? అతని ఆట అర్థం కావాలంటే ఏ మ్యాచ్ చూడాలి?”

ముందు నా సంగతి ఒక మాట. కాకినాడలో చదువుకునే రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు సెంటర్ బ్యాక్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో, ఆడాను. తర్వాత ఉద్యోగరీత్యా పద్దెనిమిదేళ్లు లివర్‌పూల్‌లో ఉన్నాను. మా ఇల్లు వాల్టన్‌లో, క్లబ్బు సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. పక్కింటి పెద్దాయన ఓడరేవులో పనిచేసి రిటైరైనవాడు. చిన్నతనం నుంచీ అక్కడ అభిమానులు నిలబడే కాప్ స్టాండులో మ్యాచ్‌లు చూసినవాడు. స్మిత్ గురించి నాకు తెలిసినదాంట్లో చదివి తెలుసుకున్నది సగమైతే, ఆయన పిట్టగోడకు ఆనుకుని చెప్పినది మిగతా సగం.

తమ్ముడూ, మీ మొదటి మాటతో నాకు పేచీ లేదు. నేటి నిబంధనలు పెట్టి కొలిస్తే స్మిత్ చాలా మ్యాచ్‌ల్లో ఆఖరిదాకా మైదానంలో ఉండేవాడు కాదు. టాకిల్ అంటే ఎదుటివాడి దగ్గర్నుంచి బంతి లాక్కోవడానికి కాలు పెట్టడం. వెనకనుంచి వచ్చి కాళ్లు ఊడ్చేసే టాకిల్ ఆ రోజుల్లో మామూలు విషయం. ఇంగ్లిష్ లీగ్‌లో రిఫరీల జేబులోకి కార్డులు వచ్చిందే 1976లో. అప్పటికి స్మిత్ ఆట ముగింపుకు వచ్చేసింది. ప్రమాదకరమైన వెనక టాకిల్ చేసినవాణ్ణి నేరుగా బయటికి పంపమని ఫిఫా గట్టిగా చెప్పింది 1998 ప్రపంచ కప్ నాడు. అంటే స్మిత్ ఆడిన ఆటకూ మీరు చూస్తున్న ఆటకూ పేరు ఒకటే గానీ హద్దులు వేరు. ఆ హద్దుల్లో అతని లెక్క ఎలా ఉందంటే, అంతటి పేరు మోసినవాణ్ణి రిఫరీ మైదానం నుంచి వెళ్లగొట్టింది ఒక్కసారే. అదీ టాకిల్‌కు కాదు, నోరు జారినందుకు.

ఇక మనిషి సంగతికి వస్తాను. టామీ స్మిత్ 1945 ఏప్రిల్ 5న లివర్‌పూల్‌లో పుట్టాడు. ఆన్‌ఫీల్డ్ దగ్గరి వీధుల్లోనే పెరిగాడు. పద్నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఆ మరుసటి ఏడాది, 1960లో, తల్లి అతణ్ణి వెంటబెట్టుకుని లివర్‌పూల్ మేనేజర్ బిల్ షాంక్లీ దగ్గరికి వెళ్లి, మా అబ్బాయిని మీరే చూసుకోవాలని అప్పగించింది. ఈ సంగతి స్మిత్ జీవితాంతం చెప్పుకున్నాడు. షాంక్లీని తండ్రి తర్వాత తండ్రిలా చూశాడు. క్లబ్బులో చేరిన పిల్లలకు అప్పట్లో ముందు అప్పగించేది బంతి కాదు, చీపురు. స్టాండ్లు ఊడవాలి, పెద్ద ఆటగాళ్ల బూట్లు తుడవాలి, రంగులు వేయాలి. ఆటగాడికి వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న నియమం ఇంగ్లండ్‌లో 1961 జనవరి వరకు ఉంది. కాబట్టి స్మిత్ క్లబ్బులో అడుగుపెట్టేనాటికి ఆటగాళ్లు కూడా స్టాండులో నిలబడే జనం మధ్యనే, అవే వీధుల్లో, అవే బస్సుల్లో తిరిగేవాళ్లు. ఇవాళ్టి గోడలు, గేట్లు, నల్లద్దాల కార్లు లేవు. ఓడరేవులో మూటలు మోసి వచ్చినవాడికి మైదానంలో ఒళ్లు హూనం చేసుకునే కుర్రవాడు పరాయివాడిగా కనిపించలేదు.

1963 మే 8న బర్మింగ్‌హామ్ సిటీ మీద మొదటి మ్యాచ్ ఆడాడు. 1978లో క్లబ్బు విడిచేనాటికి 638 మ్యాచ్‌లు, 48 గోల్స్. పద్దెనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టి ముప్పై మూడేళ్లదాకా ఒకే ఎర్ర జెర్సీ.

మొరటుతనం గురించి అడిగారు. షాంక్లీ మాట మీరు వినే ఉంటారు: టామీ స్మిత్ పుట్టలేదు, అతణ్ణి క్వారీలోంచి తవ్వి తీశారు. జనం దీన్ని చమత్కారంగా చెప్పుకుంటారు. నాకు అంతకంటే ఎక్కువ వినిపిస్తుంది. షాంక్లీ స్కాట్లండ్‌లోని గ్లెన్‌బక్ అనే గని పల్లెలో పుట్టి, చిన్నవయసులో బొగ్గు గనిలో పనిచేసినవాడు. భూమిలోంచి రాయిని తీయడానికి ఎంత కష్టపడాలో ఒంటికి తెలిసినవాడు ఆ మాట అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఉండదు.

టాటెన్‌హామ్ ఫార్వర్డ్ జిమ్మీ గ్రీవ్స్ చెప్పే కథ ఇంకొకటి ఉంది. మ్యాచ్‌కు ముందు స్మిత్ వచ్చి చేతిలో ఒక కాగితం పెట్టాడట. విప్పి చూస్తే అది లివర్‌పూల్ ఆసుపత్రి వంటశాల మెనూ! ఇవాళ రాత్రి నీ భోజనం అక్కడే అని చెప్పకుండా చెప్పడం. ఇందులో స్మిత్ ఆట కిటుకు ఉంది. ఆట మొదలుకాకముందే ప్రత్యర్థి మనసులో ఒక అడుగు వెనక్కి పడాలి. బంతి వచ్చినప్పుడు ఆ ఫార్వర్డ్ ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, డిఫెండర్ పని సగం అయిపోయినట్టే. గుంటలు పడ్డ ముఖం, దట్టమైన మీసం, రాయిలాంటి చూపు, అన్నీ ఆ ఒక్క క్షణం కోసమే పనిచేశాయి.

అయితే భయపెట్టడం వేరు, బంతి తీసుకోవడం వేరు. మా పక్కింటి పెద్దాయన ఒకరోజు కాలిబాట మీద నాకు ఇది చేసి చూపించాడు. సంచిలోంచి నారింజపండు తీసి నేల మీద పెట్టి, నన్ను అటువైపు నిలబడి కాలుతో తన్నబోమన్నాడు. నేను కాలు ఊపాను. ఆయన తన పాదాన్ని పక్కకు తిప్పి, మడమ బిగించి, మోకాలు కొద్దిగా వంచి, ఒంటి బరువంతా ఆ కాలి మీదికి వంచేసి నారింజ వెనక గోడలా నిలిపాడు. ఎనభై దగ్గర పడిన మనిషి కాలికి తగిలి నా కాలు ఆగిపోయింది, నా ఒళ్లు మాత్రం ముందుకు తూలింది. పండు చితికి రసం ఆయన బూటు మీద పడింది. “చూశావా, నేను నిన్ను తాకనే లేదు” అన్నాడు. నేను కాలేజీలో నాలుగేళ్లు డిఫెన్స్ ఆడాను. ఇది నాకు ఎవరూ అలా చూపించలేదు.

ఎదురు టాకిల్ అంటే అది. చాలామంది కుర్రాళ్లు కాలు చాచి బంతిని పొడుస్తారు. బరువు వెనకాలే ఉండిపోతుంది కాబట్టి దెబ్బ తగిలేది వాళ్లకే. స్మిత్ కాలు చాచేవాడు కాదు, ఒంటితో సహా వచ్చేవాడు. ఎదుటివాడు బంతిని తాకే క్షణంలోనే తనూ తాకాలి, ముందూ కాదు, వెనకా కాదు. ఆ లెక్క తప్పనప్పుడు ఎదుటివాడు గోడను ఢీకొన్నట్టు పడిపోతాడు, బంతి స్మిత్ కాళ్ల దగ్గర ఉంటుంది, రిఫరీ ఈల వేయడానికి ఏమీ ఉండదు. లెక్క తప్పిన రోజులూ ఉన్నాయి. లెక్క చూసుకోని రోజులూ ఉన్నాయి. మొదటి నిమిషాల్లోనే ఎదుటి ఆటగాడికి ఒక దెబ్బ రుచి చూపించాలనే ఆలోచన అతనిలో ఉండేది, దాన్ని అతను దాచుకోలేదు కూడా. ఆ దెబ్బలు తిన్నవాళ్లకు అవి అందంగా కనిపించి ఉండవు. అభిమానినైనా నేను వాటిని వెనకేసుకు రాను.

“ఆట వచ్చినవాడా?” అన్నదానికి నా దగ్గర బలమైన సాక్ష్యం 1964 నవంబరు నాటిది. యూరప్ దేశాల లీగ్ విజేతలు తలపడే యూరోపియన్ కప్‌లో బెల్జియం జట్టు ఆండర్‌లెక్ట్ ఆన్‌ఫీల్డ్‌కు వచ్చింది. బెల్జియం జాతీయ జట్టులో చాలామంది ఆ క్లబ్బువాళ్లే. లివర్‌పూల్ ఎర్ర చొక్కా, ఎర్ర నిక్కరు, ఎర్ర మేజోళ్లతో నిలువెల్లా ఎరుపులో దిగింది ఆ రాత్రే. షాంక్లీ ఆనాడు పంతొమ్మిదేళ్ల స్మిత్‌కు 10వ నంబరు చొక్కా ఇచ్చాడు. ఆ రోజుల్లో నంబరు చూస్తే స్థానం తెలిసిపోయేది. 10 అంటే గోల్ కోసం ముందుకు చొచ్చుకుపోయే ఇన్‌సైడ్ ఫార్వర్డ్. ప్రత్యర్థి డిఫెండర్ అతని కోసం ముందు వెతుక్కుంటుంటే, స్మిత్ వెనక్కి వచ్చి డిఫెన్స్ మధ్యలో నిలబడే సెంటర్ హాఫ్, భారీకాయుడైన రాన్ యేట్స్ పక్కన రెండో సెంటర్ హాఫ్‌గా నిలబడ్డాడు. యేట్స్ గాలిలో బంతులు చూసుకుంటే, కింద వచ్చేవి స్మిత్‌వి. లివర్‌పూల్ 3-0తో గెలిచింది.

ఇవాళ ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు లేని జట్టును మీరు ఊహించలేరు. ఆనాడు ఇంగ్లండ్‌లో చాలా జట్లకు అది కొత్త. పక్కవాడు ఎక్కడికి వెళ్తాడో ముందే పసిగట్టి ఖాళీని మూయగలిగితేనే ఆ పని కుదురుతుంది. ఉత్త మొరటువాడికి ఆ బాధ్యత ఇచ్చేంత అమాయకుడు కాదు షాంక్లీ. తర్వాత కుడివైపు డిఫెండర్‌గా, అంటే రైట్ బ్యాక్‌గా, ఆడినా, కొన్నాళ్లు పెనాల్టీలు కొట్టినా ఇదే కథ. కాళ్లలో పనితనం ఉంది. చూసేవాళ్ల కళ్లు మాత్రం దెబ్బల మీదికే పోతాయి, అందుకే వీడియోలు మోసం చేస్తాయి.

ఆ తరానికి నొప్పి అంటే ఏమిటో చెప్పకుండా స్మిత్‌ను చెప్పడం కుదరదు. 1965లో, ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్ లీడ్స్‌తో. లెఫ్ట్ బ్యాక్ జెర్రీ బర్న్, అతనూ లివర్‌పూల్ కుర్రవాడే, ఆట మొదలైన కొద్ది నిమిషాలకే మెడ పక్క ఎముక విరగ్గొట్టుకున్నాడు. సబ్‌స్టిట్యూట్ అనే వెసులుబాటు అప్పటికి లేదు. బయటికి వెళ్తే జట్టు పదిమందితో ఆడాలి. అందుకని చేయి పక్కకు వేలాడేసుకుని మిగతా ఆటంతా, అదనపు అరగంటతో సహా, ఆడాడు. పైగా రోజర్ హంట్ కొట్టిన మొదటి గోల్‌కు బంతి అందించింది బర్న్ కాలే. 2-1తో లివర్‌పూల్ తన చరిత్రలో మొదటి ఎఫ్ఏ కప్ గెలిచింది. ఇరవై ఏళ్ల స్మిత్ అదే డిఫెన్స్‌లో ఉండి ఇదంతా చూశాడు. అతనికి ఇది బడి.

స్మిత్ ఒకరోజు మోకాలికి కట్టు కట్టుకుని ప్రాక్టీసుకు వస్తే, ఆ కట్టు విప్పమన్నాడట షాంక్లీ. నా మోకాలికి నొప్పిగా ఉంది అంటే, “నీ మోకాలా? అది లివర్‌పూల్ మోకాలు!” అన్నాడట. లివర్‌పూల్‌లో ఈ కథ చెప్పని పెద్దమనిషి లేడు, విని నవ్వనివాడూ లేడు. నేనూ నవ్వాను. కొన్నేళ్ల తర్వాత ఆ మోకాలికి ఏమైందో తెలిశాక మళ్లీ నవ్వలేకపోయాను. దాని గురించి కింద రాస్తాను.

1970లో యేట్స్ తర్వాత కెప్టెన్ అయ్యాడు. 1971 ఎఫ్ఏ కప్ ఫైనల్ ఆర్సెనల్ చేతిలో పోయింది. ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఆడే అవకాశం కూడా ఆ ఏడాదే వచ్చింది, వేల్స్ మీద, ఒక్కటంటే ఒక్క మ్యాచ్. 1973లో మాత్రం పంట పండింది: లీగ్ టైటిల్, యూరప్‌లోని మరో పోటీ యుయెఫా కప్, రెండూ ఒకే సీజన్‌లో. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో ఏ క్లబ్బూ లీగ్‌తో పాటు యూరప్ కప్పును ఒకే ఏడాది గెలవలేదు. రెండు కప్పులనూ పైకెత్తింది ఆ ఊరి వీధుల్లో పెరిగిన కుర్రవాడు.

అదే ఏడాది చివరికల్లా షాంక్లీతో మాటపట్టింపు వచ్చి కెప్టెన్ పదవి పోయింది. అది సహచరుడు ఎమ్లిన్ హ్యూస్‌కు వెళ్లింది. హ్యూస్‌కూ స్మిత్‌కూ ఒకరంటే ఒకరికి పడదని ఊరంతా ఎరుగుదురు. తండ్రిలా చూసుకున్న మనిషే తప్పించాడు, పడనివాడు పక్కనే కెప్టెన్‌గా నిలబడ్డాడు. వేరే క్లబ్బు చూసుకుని వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. స్మిత్ ఉండిపోయాడు. సెంటర్‌లో ఫిల్ థాంప్సన్ అనే కుర్రవాడికి చోటిచ్చి తను రైట్ బ్యాక్‌కు జరిగాడు. హ్యూస్‌తో మాటలు లేకపోయినా మైదానంలో అతని వెనక ఖాళీ పడితే పరుగెత్తుకెళ్లి మూశాడు. పక్కింటి పెద్దాయనకు స్మిత్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఓడరేవులో పక్కన మూట పట్టినవాడితో మనకు పడకపోవచ్చు, అయినా మూట జారనివ్వం కదా అనేవాడు.

ఇక్కడ మన హైదరాబాద్ గుర్తుకొస్తుంది. మనకూ అలాంటి డిఫెండర్లు ఉన్నారు. సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాద్‌లో పుట్టి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్‌గా నిలిచాడు. అయితే ఆ రోజుల్లో పేరు, డబ్బు, పెద్ద మైదానాలు అన్నీ కలకత్తాలో ఉండేవి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ పిలిస్తే వెళ్లక తప్పేది కాదు. మన ఊరి బిడ్డ గొప్పవాడయ్యాడని మనవాళ్లు పేపర్లో చదువుకోవలసి వచ్చింది. లివర్‌పూల్ వాళ్లు స్మిత్‌ను ప్రతి రెండో శనివారం కళ్లెదుట చూశారు, పదిహేనేళ్లపాటు. ఆ చనువులోంచి పుట్టిన ప్రేమ దూరం నుంచి చూసేవాళ్లకు సులభంగా అంతుపట్టదు.

రోమ్ గురించి రాయాలి. 1977 నాటికి స్మిత్‌కు ముప్పై రెండేళ్లు, ఆ సీజన్ తర్వాత రిటైరవుదామని నిర్ణయించుకున్నాడు. వసంతంలో ఫిల్ థాంప్సన్ మోకాలికి గాయమైంది. అప్పటి మేనేజర్ బాబ్ పైస్లీ మళ్లీ పాత కాపునే పిలిచాడు. మే 21న ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓటమి. నాలుగు రోజులకే, మే 25న, రోమ్‌లో యూరోపియన్ కప్ ఫైనల్, జర్మనీ జట్టు బొరూసియా మోన్షెన్‌గ్లాడ్‌బాక్‌తో. ఉద్యోగాలకు సెలవు పెట్టి, ఇంట్లో వస్తువులు అమ్మి, రైళ్లలో రోజులకొద్దీ ప్రయాణం చేసి వేలమంది లివర్‌పూల్ నుంచి రోమ్ చేరారు. మా పెద్దాయన పోలేకపోయాడు. భార్య నిండు గర్భిణి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడు.

మొదట టెర్రీ మెక్‌డెర్మాట్ గోల్ కొట్టాడు. రెండో సగంలో అలన్ సిమొన్సెన్ సమం చేశాడు. అక్కణ్ణుంచి పదినిమిషాలపాటు ఆట జర్మన్ల వైపు ఒరిగింది. అరవై నాలుగో నిమిషంలో ఎడమ వైపు నుంచి లివర్‌పూల్‌కు కార్నర్. స్టీవ్ హైవే బంతిని లోపలికి తిప్పి కొట్టాడు. ఆ వీడియోను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పెనాల్టీ ప్రాంతం అంచు నుంచి 4వ నంబరు చొక్కా పరుగు తీస్తుంది. అతని మీద ఎవరికీ ధ్యాస లేదు. ఉండవలసిన అవసరం ఏముంది, ఆ సీజన్‌లో అతను గోలే కొట్టలేదు కదా! పరుగు తగ్గించకుండానే ఎగిరి నుదుటితో కొట్టాడు. మేకు దిగినట్టు బంతి వలలో దిగింది. అతని టాకిల్‌కూ ఈ హెడర్‌కూ తేడా లేదు చూడండి, అదే బరువు, అదే క్షణం, ఒళ్లంతా దాని వెనక. చివర్లో ఫిల్ నీల్ పెనాల్టీతో 3-1. లివర్‌పూల్‌కు అది మొదటి యూరోపియన్ కప్.

గోల్ పడ్డాక మా పెద్దాయన కేక పెట్టి కుర్చీలోంచి లేస్తే పక్క గదిలో పడుకున్న భార్య ఏదో ప్రమాదం జరిగిందని వణికిపోయిందట. “స్మిత్ కొట్టాడు” అన్నాడట. “ఎవరిని?” అని అడిగిందట ఆవిడ. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఇద్దరూ కలిసి ఈ మాట చెప్పి కళ్లు తుడుచుకునేవారు.

రోమ్ నుంచి వచ్చిన రెండు రోజులకే ఆన్‌ఫీల్డ్‌లో స్మిత్ కోసం టెస్టిమోనియల్ మ్యాచ్ జరిగింది. ఒకే క్లబ్బుకు ఏళ్ల తరబడి సేవ చేసిన ఆటగాడికి టికెట్ల వసూళ్లు ముట్టజెప్పే ఆనవాయితీ అది. రిటైర్మెంట్ ఆలోచన పక్కన పెట్టి మరో సీజన్ ఆడాడు. 1978లో వరుసగా రెండో యూరోపియన్ కప్ ఫైనల్‌కు లివర్‌పూల్ చేరింది గానీ, ఇంట్లో పని చేసుకుంటుండగా గునపంలాంటి పనిముట్టు పాదం మీద పడి స్మిత్‌కు ఆ మ్యాచ్ తప్పిపోయింది. ఆ తర్వాత పాత సహచరుడు జాన్ టోషాక్ నడిపిస్తున్న స్వాన్సీకి వెళ్లి ఒక సీజన్ ఆడి బూట్లు విప్పాడు.

ఇప్పుడు ఆ మోకాలి సంగతి. నొప్పి తెలియకుండా కార్టిజోన్ ఇంజెక్షన్లు పొడిపించుకుని ఆడిన తరం అది. రిటైరైన తర్వాత కీళ్లవాతం అతణ్ణి పట్టేసింది. మోకాళ్లు, తుంటి, మోచేయి మార్పించుకోవలసి వచ్చింది. చేతికర్రలు వచ్చాయి. పనిచేయలేనివారికి ఇచ్చే ప్రభుత్వ భృతి మీద బతికాడు. 1996లో వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్ రోజున ఒక సేవా కార్యక్రమం కోసం పెనాల్టీ కొట్టమంటే కాదనలేక నడుచుకుంటూ వెళ్లి బంతిని తన్నాడు. ఒక్క తన్ను. ఆ ఫొటో పత్రికల్లో వచ్చింది, భృతి ఆగిపోయింది. ఇది చదివినప్పుడు నాకు కలిగిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. దాదాపు పద్దెనిమిదేళ్లు ఊరు అడిగినప్పుడల్లా కాలు ముందుకు పెట్టినవాడు, ఊరు మళ్లీ అడిగితే పెట్టకుండా ఎలా ఉంటాడు?

2014లో అతనికి మతిమరుపు జబ్బు నిర్ధారణ అయింది. దశాబ్దాలుగా స్థానిక పత్రికలో రాస్తున్న శీర్షిక ఆ ఏడాదే ఆగింది. 2019 ఏప్రిల్ 12న, డెబ్బై నాలుగేళ్ల వయసులో కన్నుమూశాడు. పక్కన ఆడిన రాన్ యేట్స్‌కూ అల్జీమర్స్ వచ్చింది. ఒక్కొక్కరి విషయంలో కారణం ఇదీ అని నేను చెప్పలేను గానీ, స్మిత్ పోయిన ఆర్నెల్లకు గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు స్కాట్లండ్ మాజీ ఆటగాళ్ల రికార్డులు పరిశీలించి ప్రకటించిన ఫలితం చూడండి: మెదడు క్షీణించే జబ్బులతో మరణించే ముప్పు మామూలు జనం కంటే వారిలో దాదాపు మూడున్నర రెట్లు. 2021లో అదే బృందం స్థానాలవారీగా చూస్తే అందరికంటే ఎక్కువ ముప్పు డిఫెండర్లకే అని తేలింది, గోల్‌కీపర్లకు దాదాపు ఏమీ పెరగలేదు. నానితే బరువెక్కే తోలు బంతులను శనివారం శనివారం నుదుటితో కొట్టినవాళ్లు వీళ్లు. మీరు కూడా డిఫెన్స్ ఆడుతున్నా, పిల్లలకు నేర్పుతున్నా ఈ లెక్క గుర్తుంచుకోండి. చిన్నపిల్లల చేత హెడర్లు ప్రాక్టీసు చేయించకండి.

ఇంకొక విషయం దాచి రాస్తే ఈ సమాధానం అబద్ధమవుతుంది. హోవర్డ్ గేల్ కూడా లివర్‌పూల్‌లోనే, టాక్స్‌టెత్‌లో పుట్టాడు. లివర్‌పూల్ మొదటి జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు. కుర్రవాడిగా క్లబ్బులో చేరినప్పుడు ప్రాక్టీసులో స్మిత్ తనను జాతి పేరుతో దూషించాడని గేల్ బహిరంగంగా చెప్పాడు, తన ఆత్మకథలోనూ రాశాడు. నేను గేల్ మాట నమ్ముతాను. ఊరి బిడ్డ అని స్మిత్‌ను నెత్తిన పెట్టుకున్నవాళ్లు, గేల్ కూడా అదే ఊరి బిడ్డే అని గుర్తుపెట్టుకోవాలి. గోధుమరంగు చర్మంతో ఆ వీధుల్లో పద్దెనిమిదేళ్లు నడిచినవాణ్ణి, ఇది నాకు చిన్న విషయంగా తోచదు. ఒకసారి పక్కింటి పెద్దాయన దగ్గరే ఎత్తాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అది తప్పు. మేం అప్పుడు స్టాండులో ఉండి అలాంటివి విని కూడా ఊరుకున్నాం, మాదీ తప్పే” అన్నాడు. స్మిత్ మీద ప్రేమను ఆయన వదులుకోలేదు, ఆ మాటనూ వెనక్కి తీసుకోలేదు. నేను కూడా ఆ రెంటినీ అలాగే మోస్తున్నాను.

మీరు అడిగిన గొంతు మారడం ఇందుకే అనుకుంటాను. స్మిత్‌ను తలుచుకున్నప్పుడు వాళ్లు ఒక ఆటగాణ్ణి ఒక్కణ్ణే తలుచుకోరు. మూతపడ్డ ఓడరేవును, అరిగిపోయిన తమ మోకాళ్లను, చేయిపట్టి మైదానానికి తీసుకెళ్లిన తండ్రులను కలిపి తలుచుకుంటారు.

ఏ మ్యాచ్ చూడాలి అన్నారు. అందరూ రోమ్ అంటారు, అది ఎలాగూ చూస్తారు. నేను చెప్పేది 1974 ఎఫ్ఏ కప్ ఫైనల్, న్యూకాజిల్ మీద 3-0. కెప్టెన్ పదవి పోయిన కొద్ది నెలలకు ఆడిన ఆట. ఆఖరి నిమిషాల్లో వచ్చిన మూడో గోల్ పెట్టుకోండి. లివర్‌పూల్ ఫార్వర్డ్ కెవిన్ కీగన్ బంతిని వలలోకి నెట్టడం ఎలాగూ కనిపిస్తుంది, అతణ్ణి వదిలేయండి. కుడి అంచున 2వ నంబరు చొక్కాను పట్టుకోండి. బంతి అందుకుంటాడు, సహచరులతో ఇచ్చిపుచ్చుకుంటూ ముందుకు కదులుతాడు, తల ఎత్తి ఒకసారి చూస్తాడు, గోల్ ముందునుంచి నేలబారుగా బంతిని అడ్డంగా పంపిస్తాడు. ఎవరినీ తన్నడు, ఎవరినీ పడేయడు. అది చూసిన తర్వాత మళ్లీ ఆ టాకిల్స్ వీడియోకు వెళ్లి, ఈసారి ఎదుటివాడి కాళ్లను కాకుండా స్మిత్ కళ్లు ఎటు ఉన్నాయో చూడండి.